టవరు ఉందట, సిగ్నలే లేదు: మన కాటా మనకుండాలి

పోయిన ఖరీఫ్ కోతల్లో మా మండలంలో మూడు రోజులు వాన పట్టింది. కోసి పనల మీద ఉంచిన వరి చేలోనే నానింది. నాలుగో రోజుకు కంకుల మీద మొలకలు కనబడ్డాయి. కోసి ఆరబెట్టిన పంట అకాల వర్షానికి పాడైతే ఫసల్ బీమా కింద పరిహారం అడగొచ్చు. కోత నాటి నుంచి 14 రోజుల వరకు ఆ రక్షణ ఉంటుంది. అయితే నష్టం జరిగిన 72 గంటల్లోగా తెలియజేయాలి. యాప్‌లో పెట్టాలి, లేదా 14447కు ఫోన్ చేయాలి, లేదా బ్యాంకుకో వ్యవసాయ శాఖకో చెప్పాలి.

మా కొండవార ఊళ్లో ఆ మూడు రోజులూ కరెంటు లేదు. కరెంటు పోతే టవరు బ్యాటరీ మీద కాసేపు నడిచి ఆగిపోతుంది. వాగు పొంగి మండల కేంద్రానికి దారి తెగింది. ఇక మిగిలింది ఊరి వెనక 'సెల్లు గట్టు'. దాని మీదకెక్కి అవతలి వైపు నిలబడితే పక్క లోయలోని టవరు సిగ్నల్ ఒక గీత వస్తుంది. పదకొండు మంది రైతులు వానలో గట్టెక్కారు. నలుగురి ఫిర్యాదే నమోదైంది. మిగతా ఏడుగురు వాగు తగ్గాక వెళ్లి చెబితే 'గడువు దాటింది' అన్నారు. ఆ ఏడుగురిలో ఇద్దరు కౌలు రైతులు. వాళ్లకు పంట పోయినా కౌలు కట్టక తప్పలేదు.

తర్వాత జరిగిన సమావేశంలో ఈ మాట అడిగాం. అక్కడున్న అధికారి కంప్యూటరులో ఒక పటం తెరిచి, 'మీ ఊరికి కవరేజి ఉందండీ' అన్నారు. నిజమే, పటంలో మా ఊరి మీద రంగు పూసి ఉంది. మా దగ్గర నోటి మాట తప్ప ఇంకేమీ లేదు. పత్తి అమ్మడానికి వెళ్లి వ్యాపారి కాటా మీద తూకం తక్కువొస్తే ఏం చేస్తాం? ఇంటి దగ్గరే ఒకసారి తూచుకుని వెళ్లినవాడు గట్టిగా నిలబడతాడు. తూచుకోనివాడు గొణుక్కుంటూ డబ్బులు తీసుకుని వస్తాడు. ఆ రోజు మేము గొణుక్కుంటూ వచ్చాం.

సెల్ టవర్ల లెక్క విషయంలో కూడా మన కాటా మనకుండాలి. అది సాధ్యమే. డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. ఈ వ్యాసంలో చెప్పదలచింది అదే. ముందు మేము చేసిన తప్పు చెబుతాను, మిగతా శాఖలవాళ్లు అదే తప్పు చేయకుండా ఉంటారు.

మేము చేసిన తప్పు

సెల్ టవర్ల స్థానాలను అందరికీ ఉచితంగా అందించే సమాచార నిధి ఒకటి ఉంది. పేరు ఓపెన్‌సెల్‌ఐడీ. 2008లో మొదలైంది. ప్రపంచమంతటా మామూలు జనం తమ ఫోన్లతో కొలిచి పంపిన లెక్కలు అందులో ఉంటాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు. ఎక్కడ తీసుకున్నామో చెప్పాలి, దాని మీద మనం తయారుచేసింది పంచితే అదే షరతు మీద పంచాలి, అంతే. మొజిల్లా సంస్థ కూడా 2013లో ఇలాంటిదే ఒకటి నడిపింది, 2024లో మూసేసింది. ఇప్పుడు మనలాంటివాళ్లకు ఓపెన్‌సెల్‌ఐడీయే పెద్ద దిక్కు.

దాన్ని చూసి నేను ఉత్సాహపడ్డాను. మా పంచాయతీ హద్దుల్లో ఒక్క చుక్కా లేదు. వెంటనే 'మా పంచాయతీలో ఒక్క టవరు కూడా లేదు' అని అర్జీ రాసి తీసుకెళ్లాం. అధికారి చదివి నవ్వారు. 'బడి వెనక ఉన్నదేమిటండీ మరి?' అని అడిగారు. బడి వెనక టవరు ఉంది. రోజూ చూసేదే. కాగితం మీది చుక్కను నమ్మి కంటితో చూసేదాన్ని మరిచాను.

మా ఊళ్లో డిగ్రీ చదివి వ్యవసాయం చూసుకుంటున్న కుర్రాడొకడు ఉన్నాడు. తిరిగొచ్చే దారిలో వాడన్న మాట: 'బాబాయ్, పటంలో చుక్క లేకపోతే టవరు లేదని కాదు. మనూరి దాకా వచ్చి కొలిచినవాళ్లెవరూ లేరని.'

ఈ మాట దగ్గరే అసలు సంగతి ఉంది.

ఈ లెక్క ఎలా తయారవుతుంది

పండగపూట ఊళ్లో ఎక్కడో డప్పు మోగుతోందనుకోండి. మీకు డప్పు కనబడదు. వీధుల్లో నిలబడ్డ పదిమందిని 'నీకు వినబడిందా, ఎంత గట్టిగా?' అని అడిగి, వాళ్లు నిలబడ్డ చోట్లన్నీ కలిపి నడిమధ్య ఒక గుర్తు పెడతారు. డప్పు సుమారుగా అక్కడ ఉండొచ్చు. ఓపెన్‌సెల్‌ఐడీలో చుక్కలు వచ్చేది ఇలాగే. ఫోను ఏ సెల్లుతో కలిసిందో, ఆ సమయంలో జీపీఎస్ ప్రకారం ఫోను ఎక్కడుందో జోడించి పంపుతారు. అలాంటి కొలతల నుంచి టవరు చోటును అంచనా వేస్తారు. దీని నుంచి మూడు జాగ్రత్తలు పుడతాయి.

మొదటిది, చుక్క అంటే టవరు కాదు. విన్నవాళ్లంతా రోడ్డు మీదే ఉంటే గుర్తు కూడా రోడ్డు మీదే పడుతుంది, డప్పు చేను మధ్య ఉన్నా సరే. కొలతలు పంపేవాళ్లు ఎక్కువగా బస్సుల్లో, కార్లలో తిరుగుతారు. అందుకే చుక్కలు తారు రోడ్డు వైపుకు జరిగి ఉంటాయి. ఒక్క కొలతే ఉంటే ఆ చుక్క ఫోను నిలబడ్డ చోటే తప్ప మరేమీ కాదు.

రెండోది, ఖాళీ అంటే లేమి కాదు. హైదరాబాదులో, విశాఖలో చుక్క మీద చుక్క పడి ఉంటుంది. మన్యంలో, మెట్ట ప్రాంతంలో, నల్లమల అంచున పలచబడుతుంది. అక్కడ టవర్లు తక్కువ కావడం ఒక కారణం, కొలిచేవాళ్లు లేకపోవడం ఇంకో కారణం. రెండింటినీ కలిపేస్తే మాకైనట్టే అవుతుంది.

మూడోది, టవరు అంటే సేవ కాదు. ఈ లెక్కలో టవరు ఇనుము ఉంటుంది, దాని కరెంటు ఉండదు. ట్రాన్స్‌ఫార్మరు కాలితే, డీజిలు పోయకపోతే, బ్యాటరీ ముసలిదైతే చుక్క అక్కడే ఉంటుంది, ఫోను మూగబోతుంది. బోరు ఉంది కదా అని నీళ్లున్నాయని రాసినట్టు ఉంటుంది అప్పుడు.

వరుస చదవడం

ఉచితంగా నమోదు చేసుకుంటే దేశాల వారీగా ఫైళ్లు దించుకోవచ్చు. మన దేశానికి మొబైల్ కోడ్‌లు 404, 405. టెలికాం లెక్కలో తెలుగు రాష్ట్రాలు రెండూ ఇప్పటికీ ఒకే సర్కిల్. ఈ సర్కిల్‌లో బీఎస్‌ఎన్‌ఎల్‌కు 404-73, ఎయిర్‌టెల్‌కు 404-49, జియోకు 405-854 వంటి కోడ్‌లు ఉంటాయి. కాబట్టి ఏ వరుస ఏ కంపెనీదో తెలుస్తుంది. ఫైలు పెద్దది. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలకు మించి పట్టవు, అంతకు మించిన ఫైలును తెరిస్తే మిగతాది తెగిపోతుంది. క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మన మండలం వరకు కత్తిరించుకోవడం మేలు.

ఒక్కో వరుసలో చూడాల్సినవి ఇవి. మొదటి గడిలో ఏ రకం నెట్‌వర్కో ఉంటుంది. జీఎస్‌ఎం అంటే 2జీ, యూఎంటీఎస్ అంటే 3జీ, ఎల్‌టీఈ అంటే 4జీ, ఎన్‌ఆర్ అంటే 5జీ. రైతుకు ఈ గడి చాలా ముఖ్యం. 2జీ ఉన్న ఊళ్లో కాల్ కలుస్తుంది, ఓటీపీ వస్తుంది, కానీ ఫోటో ఎక్కదు. 'సిగ్నల్ ఉందిగా' అనేవాళ్లకు చెప్పాల్సిన జవాబు ఈ గడిలోనే ఉంది.

తర్వాత స్థానం. ఇక్కడ రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత వస్తాయి. మన అలవాటు దీనికి తలకిందులు. తారుమారైతే 18, 83 దగ్గరున్న మన ఊరు ఉత్తర ధ్రువం పక్కన మంచు సముద్రంలో తేలుతుంది. మా కుర్రాడికి మొదటిసారి అదే జరిగింది.

ఆ తర్వాత ఎన్ని కొలతలున్నాయో చూడాలి. ఒకటీ రెండూ ఉన్న వరుసను సాక్ష్యంగా పెట్టకూడదు. చివరగా ఎప్పుడు కొలిచారో ఉంటుంది. అది తేదీలా కనబడదు, 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క. 1700000000 అని ఉంటే 2023 నవంబరు నడుమ అని అర్థం. ఐదారేళ్ల కిందటి వరుస ఉంటే ఆ టవరు ఇంకా ఉందో లేదో వెళ్లి చూడాల్సిందే.

ఇంకో చిన్న లెక్క తెలిస్తే చాలా పని తేలికవుతుంది. ఒక టవరు మీద మామూలుగా మూడు దిక్కులకు మూడు యాంటెనాలు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో సెల్ నంబరు. అంటే మూడు వరుసలు చూసి మూడు టవర్లు అనుకోకూడదు. 4జీ సెల్ నంబరును 256తో భాగించండి. భాగఫలం టవరు నంబరు, శేషం దాని మీది దిక్కు. ఉదాహరణకు 20511489, 20511490, 20511491 అనే నంబర్లు తీసుకుంటే మూడింటికీ 80123 వస్తుంది, శేషాలు 1, 2, 3. మూడూ ఒకే టవరువన్నమాట. పై పటంలో 'మీ మండలంలో ఇన్ని సెల్లులున్నాయి' అని ఎవరైనా లెక్క చెబితే, ముందు భాగించి చూడండి.

మన కొలత మనమే

అర్జీ తిరిగొచ్చాక మేము కొలవడం మొదలుపెట్టాం. టవర్ కలెక్టర్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోనులో పెట్టుకుని నడిస్తే సెల్లుల వివరాలు రాసుకుంటుంది, సిగ్నల్ దొరికాక పంపొచ్చు. ఏ సిమ్ ఉంటే ఆ కంపెనీ సెల్లే పూర్తిగా నమోదవుతుంది. కాబట్టి మూడు కంపెనీల సిమ్‌లున్న ముగ్గురు కలిసి తిరిగారు. రోడ్డు మీద మాత్రమే తిరిగితే పాత తప్పే మళ్లీ. చేల గట్ల మీద, ఉపాధి పని జరిగే చెరువు దగ్గర, రేషన్ డిపో ముందు, రైతు సేవా కేంద్రం వాకిట్లో, కల్లాల దగ్గర నిలబడి కొలిచారు.

దానికి తోడు ఒక మామూలు నోటుబుక్కు. తేదీ, సమయం, చోటు, ఏ కంపెనీ, 2జీనా 4జీనా, కాల్ కలిసిందా, ఓటీపీ ఎన్ని నిమిషాలకు వచ్చింది, అప్పుడు కరెంటు ఉందా. సిగ్నల్ బలం మైనస్ అంకెలో కనబడుతుంది. 4జీలో మైనస్ 85 అంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే ఫోటో ఎక్కడం కష్టం. నోటుబుక్కులో పెద్దవాళ్లు కూడా రాయగలిగారు. పదిహేను రోజుల పుస్తకం చూస్తే, కరెంటు పోయిన ప్రతిసారీ కొద్దిసేపటికే మా టవరు ఆగిపోతోందని తేటతెల్లమైంది. ఈ సంగతి ఏ పటమూ చెప్పదు.

రెండోసారి అర్జీలో 'టవరు లేదు' అని రాయలేదు. 'టవరు ఉంది, ఇక్కడ ఉంది, ఫలానా చోట్ల 4జీ అందడం లేదు, ఫలానా వేళల్లో మొత్తం ఆగిపోయింది' అని రాసి పటం, నోటుబుక్కు నకలు జతచేశాం. ఈసారి అధికారి నవ్వలేదు. కాగితాలు జిల్లాకు పంపారు. కంపెనీ మనిషి వచ్చి బ్యాటరీలు చూసి వెళ్లాడు. ఏడుగురి పరిహారం మాత్రం ఇంకా తేలలేదు. అది వదిలేది లేదు.

'ఇది మన పనా?'

సంఘంలో కొందరు అడిగారు. గిట్టుబాటు ధర, రుణం, ఎరువులు వదిలేసి టవర్ల వెంట తిరగడమేమిటని. న్యాయమైన ప్రశ్నే. కానీ చూడండి, పంట నమోదుకు ఫోటో, పీఎం కిసాన్‌కు ఈకేవైసీ, రేషన్‌కు వేలిముద్ర మిషను, ఇవన్నీ సిగ్నల్ మీద నడిచేవే. ఉపాధి పనుల్లో 2023 జనవరి నుంచి యాప్‌లో ఫోటో హాజరు తప్పనిసరి చేశారు. ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి రాదు. మన హక్కులన్నిటినీ తీసుకెళ్లి టవరుకు కట్టేశాక, టవరు మన సమస్య కాదనడం కుదరదు.

'కొలవడం ప్రభుత్వం పని, మనమెందుకు ఉచితంగా చేయాలి?' అన్నవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వం పనే, కాదనను. టవర్ల రేడియేషన్ వివరాల కోసం టెలికాం శాఖ 2017లో తరంగ్ సంచార్ పోర్టల్ తెచ్చింది, మన చుట్టుపక్కల టవర్లు అందులో చూడొచ్చు. ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యత నిబంధనల ప్రకారం కంపెనీలు తమ కవరేజి పటాలను ప్రజల ముందు పెట్టాలి. రెండూ చూడండి, వాడుకోండి. కానీ కంపెనీ పటం కంపెనీ కాటా. మన లెక్క లేకుండా దాన్ని నిలదీయలేం.

దీనికి ఇంకో కారణం ఉంది. 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం సిగ్నల్ అందని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి రూ. 26,316 కోట్లు ఆమోదించింది. ఇలాంటి పథకం ఏది వచ్చినా ముందు ఒక జాబితా తయారవుతుంది. కాగితం మీద కవరేజి ఉన్న ఊరు ఆ జాబితాలోకి ఎక్కదు. పటంలో తప్పుగా రంగు పడితే నిధి మన ఊరిని దాటి వెళ్లిపోతుంది.

ఒక హెచ్చరిక

కొలిచే ఫోను మనం నడిచిన దారిని కూడా రాసుకుంటుంది. అందుకే ఇంటి దగ్గర, సంఘం సమావేశాల దగ్గర యాప్ ఆపేయండి. కొలతకు వెళ్లినప్పుడే తెరవండి. ఈ బహిరంగ నిధిలో ఎవరి ఫోన్ నంబర్లూ, కాల్ వివరాలూ ఉండవు. అవి కంపెనీల దగ్గర ఉంటాయి, అది వేరే సంగతి. కానీ సెల్ నంబరు, ఈ నిధి రెండూ చేతిలో ఉంటే జీపీఎస్ లేకపోయినా ఫోను సుమారుగా ఎక్కడుందో చెప్పొచ్చు. మన ఫోనులో అనుమతులు అడిగే యాప్‌లకు అన్నీ ఇచ్చేయకండి. రైతు దగ్గర ఏముందో, ఎక్కడున్నాడో తెలుసుకోవాలనుకునే వ్యాపారాలు తక్కువేమీ లేవు.

ఏం అడగాలి

ఒకటి, సిగ్నల్ లేదని ఏ రైతుకూ, ఏ కూలీకీ హక్కు పోకూడదు. కాగితం మీద ఇచ్చిన ఫిర్యాదుకు తేదీ వేసిన రశీదు ఊళ్లోనే ఇవ్వాలి. టవరు ఆగిన గంటలను 72 గంటల గడువులోంచి తీసేయాలి. రెండు, టవర్ల స్థానాలు, ఏ నెట్‌వర్కు, ఎన్ని గంటలు ఆగిపోయిందన్న లెక్క మండలాల వారీగా దించుకునే ఫైళ్లుగా ప్రభుత్వమే బయటపెట్టాలి. తెర మీద చూపించి ఊరుకుంటే చాలదు. మూడు, జాబితాలు ఖరారు చేసే ముందు గ్రామసభలో చదివి వినిపించాలి.

ఇవి వచ్చేదాకా మన పని మనం చేసుకోవాలి. ప్రతి మండల శాఖ ఇద్దరు యువకులను, వేర్వేరు సిమ్‌లున్న మూడు ఫోన్లను, ఒక నోటుబుక్కును కేటాయించాలి. ఈ ఖరీఫ్ కోతలు మొదలయ్యేలోగా పదిహేను రోజుల లెక్క సిద్ధం కావాలి. చుక్క కనబడిన చోటికి వెళ్లి చూడండి, చుక్క లేని చోటికి తప్పకుండా వెళ్లండి. లెక్క ఉన్నదున్నట్టు రాయండి, మనకు అనుకూలంగా లేకపోయినా సరే. ఒక్క తప్పు అంకె దొరికితే మొత్తం అర్జీ పక్కన పడేస్తారు, అది మేము అనుభవించాం.

వానకాలం మళ్లీ వస్తుంది. పనల మీది వరి మళ్లీ నానుతుంది. అప్పుడు మన రైతులు గొడుగులు వేసుకుని గట్టెక్కాల్సిన అవసరం రాకూడదు.